మూడు చాళ్ల ఒప్పందం

రాళ్లగుంటపాలెం,
దుర్గి మండలం,
3-11-1985.

ఒరేయ్ కేశవా,

మీ అక్క శేషారత్నం దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ బావ నోరు తప్ప. అదెప్పుడూ అంతే కాబట్టి కొత్తగా చెప్పేదేం లేదు.

మిలటరీలో జనరేటర్లు బాగుచేసుకునే మనిషిని పట్టుకుని దక్షిణ ధ్రువానికి పంపడమేందిరా? వాళ్లకి ఇంకెవరూ దొరకలేదా? నీ ఉత్తరం చదివి నేను ఏడుస్తూ కూర్చుంటే మీ బావ మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "ఏమే, ఆ మంచు భూమంతా ఎవుడిది?" అన్నాడు. ఎవరిదీ కాదంట అన్నాను. అంతే, ఆ రోజు నుంచి మనిషికి నిద్ర లేదు. ఎవరిదీ కాని భూమి ఈ లోకంలో ఇంకా మిగిలి ఉందని తెలిశాక పల్నాడు రైతుకి నిద్రెట్లా పడుతుంది? "మీ తమ్ముణ్ణి పోంగానే ఓ ఐదెకరాలు దున్నమను. ముందు సాగులో ఉంటే చాలు, పట్టా సంగతి తరవాత చూసుకుందాం" అని నీకు రాయమన్నాడు. రాశాను. నువ్వు దున్నేదీ లేదు, అక్కడ దున్నడానికి మట్టీ లేదు. అయినా మొగుడి మాట నీకు చేరేసిన పుణ్యం నాకు దక్కాలి కదా.

ఆయన భూమి పిచ్చి నీకు తెలియనిది కాదు. మా కంది చేనుకీ, మా మరిది వెంకట్రామయ్య మిరప చేనుకీ మధ్య మూడు నాగటి చాళ్ల నేల. సాగర్ కాలవ నీళ్లు రాకముందు అక్కడ పల్లేరు కాయలు తప్ప ఏమీ మొలిచేవి కావు, ఎవరూ పట్టించుకోలేదు. నీళ్లొచ్చాయి, అన్నదమ్ముల బిడ్డలు బద్ధశత్రువులయ్యారు. మధ్యన ఉన్న హద్దురాయికి కాళ్లొచ్చాయి. మీ బావ దున్నితే అటు జరుగుతుంది, మరిది దున్నితే ఇటు జరుగుతుంది. ఆరేళ్లుగా గురజాల కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. ఇప్పుడు కోర్టు మీద కూడా నమ్మకం పోయి, ఈ మిరప కోతల్లోపు కర్రలతో తేల్చుకుంటామని ఇద్దరూ మీసాల మీద చెయ్యేసి చెబుతున్నారు.

నాకు మూడు చాళ్లు పోయినా బాధ లేదురా. ప్రమీల పోయింది, అదీ నా బాధ. అచ్చంపేటలో ఒకే వీధిలో పుట్టాం, బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. జన్మంతా పక్కపక్కనే ఉండాలని నేనే మధ్యన పడి దాన్ని మా మరిదికి చేయించాను. ఇప్పుడు గోడకి అటు అది, ఇటు నేను. "వాళ్ల ఆడదానితో మాట్లాడావంటే గడప తొక్కొద్దు" అని మీ బావ నాతో అన్నాడు, దాని మొగుడు దానితోనూ అదే అన్నాడు. అందుకని నేను మా గేదెతో మాట్లాడతాను, అది వాళ్ల కోళ్లతో మాట్లాడుతుంది. "ఏమే గేదే, మోకాలి నొప్పి తగ్గిందా?" అని నేను గట్టిగా అడుగుతాను. "ఏం తగ్గడమే కోడీ, రాత్రంతా ఒకటే సలుపు" అని గోడ అవతల నుంచి జవాబు వస్తుంది. ఆరేళ్లు ఇట్లాగే ఈడ్చుకొచ్చాం. పాపం గేదెకే విసుగొచ్చింది.

లారీ నడిపే రసూల్ నాపరాళ్ల లోడుతో గోవా వైపు పోతున్నాడు. వాడితో పెట్టె పంపుతున్నాను. పండుమిరప పచ్చడి, గోంగూర, నువ్వుల పొడి, సున్నుండలు. పెట్టె అడుగున ఇంకొకటి పెట్టాను. దాని సంగతి విడిగా రాస్తా, మీ బావ ఇటే వస్తున్నాడు.

చెవులకి గుడ్డ కట్టుకో.
శేషారత్నం

గోవా,
19-11-1985.

ప్రియమైన అక్కకి,

కేశవులు నమస్కారాలు. పెట్టె అందింది. దింపడానికి ఇద్దరు పట్టారు. అంత పచ్చడి ఎందుకు పెట్టావే? విప్పకుండానే ఓడలోకి ఎక్కించేశారు, అక్కడికి పోయాకే చూస్తాను.

ఈ నెలాఖరుకి ఓడ కదులుతుంది. మార్చిలో ఓడ వెనక్కి వచ్చేస్తుంది కానీ నేను రాను. చలికాలమంతా అక్కడ ఉండిపోయే కొద్దిమందిలో నేనూ ఉన్నాను. జనరేటరు ఆగితే మనుషులు ఆగిపోతారు కాబట్టి నన్ను వదలరు. నేను రాసిన ఉత్తరం ఆ ఓడలో మీకు చేరుతుంది. మీరు ఢిల్లీ ఆఫీసుకి రాసినవి మళ్లీ వచ్చే సంవత్సరం ఓడలో నాకు చేరతాయి.

బావ అడిగిన ఐదెకరాల గురించి మా లీడరుగారినే అడిగాను. ఆయన నవ్వి గంటసేపు క్లాసు పీకారు. బావకి తెలియాలని రాస్తున్నాను. ఏడు దేశాలు అక్కడి భూమి మాదంటే మాదని ఎప్పటి నుంచో పేచీ పెట్టుకున్నాయి. ఒక చోటైతే ఒకే భూమి చెక్క మీద ముగ్గురు కూర్చున్నారు. మనం దిగే జాగా నార్వే వాళ్లు తమదేనంటారు. యాభై తొమ్మిదిలో పన్నెండు దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. మనమూ రెండేళ్ల కిందట అందులో చేరాం. దాని ప్రకారం ఎవరూ తన హక్కు వదులుకోనక్కర్లేదు. ఎదుటివాడి హక్కు ఒప్పుకోనూ అక్కర్లేదు. కొత్తగా హక్కు పెంచుకోవడానికి మాత్రం వీల్లేదు. ఎక్కడివి అక్కడ మంచులో పెట్టినట్టు ఉండిపోవాలి. ఆయుధాలు కూడదు. మిలటరీవాణ్ణి నేను పోవచ్చు, నా తుపాకి రాకూడదు. చేస్తే పరిశోధనలు చేసుకోవాలి, తెలిసింది అందరికీ చెప్పాలి. అన్నిటికంటే తమాషా ఏంటంటే ఎవరి స్టేషన్‌నైనా ఎదుటి దేశం వాళ్లు ఎప్పుడైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. గదులు, సామాన్లు, వంటిల్లు, ఏదైనా సరే, కాదనడానికి లేదు. బయట మొహమొహాలు చూసుకోని అమెరికా, రష్యా కూడా ఒప్పుకుని సంతకాలు పెట్టాయి.

కాబట్టి దున్నడం కుదరదని బావకి నెమ్మదిగా చెప్పు. అడుగున పెట్టానన్నదేంటో రాయలేదు?

నీ తమ్ముడు
చెన్నకేశవులు

రాళ్లగుంటపాలెం,
27-11-1985.

కేశవా,

ఇది ఓడ కదిలేలోపు అందాలని పోస్టుమాను కాలేషాని నిలబెట్టి రాస్తున్నాను. సైకిల్ గంట కొడుతూ తొందరపెడుతున్నాడు.

నువ్వు రాసిందంతా మీ బావ నూర్ మొహమ్మద్ మావయ్య టీకొట్టు ముందు నిలబడి ఊరందరికీ చదివాడు. నీ ఉత్తరం ఏదొచ్చినా అక్కడే చదువుతాడు, ఒక్క ముక్క వదలడు. వెంకట్రామయ్య బల్ల అటు చివర కూర్చుని విననట్టు విన్నాడంట. మీ బావకి నార్వే వాళ్ల మీద జాలేసింది. "వాళ్ల చేలో మనోళ్లు ఇల్లు కట్టుకుంటుంటే చూస్తా ఊరుకున్నారా? వాళ్లకి వకీలు లేడా?" అన్నాడు. అటు చివర నుంచి వెంకట్రామయ్య "కొందరికి ఉండబట్టే గదా ఈ గతి" అన్నాడు. టీ గ్లాసులు పగిలాయి.

ఇప్పుడు అసలు సంగతి. అడుగున ఏం పెట్టావని మీ బావ అడిగితే నేతి డబ్బా అని చెప్పాను. పెట్టె అడుగున ఉన్నది ఆ హద్దురాయిరా.

తిట్టకు. ఒకరోజు గోడ అవతల నుంచి ప్రమీల "కోడీ, అసలా రాయే లేకపోతే ఈళ్లు దేన్ని పట్టుకుని కొట్టుకుంటారే?" అన్నది. "గేదే, రసూల్ లారీ గోవా పోతదంట, మా తమ్ముడు ఇంకా దూరం పోతాడంట" అన్నాను నేను. వాయిదాకి మొగోళ్లిద్దరూ గురజాల పోయిన రోజు మధ్యాహ్నం చేనుకి పోయి ఆ చివర అది, ఈ చివర నేను పట్టుకుని పెకలించాం. చూడ్డానికి చిన్నదే కానీ నడుములు పడిపోయాయి. లారీ నిండా రాళ్లే కాబట్టి రసూల్‌కి అనుమానం రాలేదు.

రాయి కనపడకపోయేసరికి నువ్వు తీశావంటే నువ్వు తీశావని ఇద్దరూ ఊరంతా వెతుకుతున్నారు. కర్రలకి నూనె కూడా రాస్తున్నారు. కాబట్టి నీ ఉత్తరాల్లో ఆ రాయి ఊసెత్తకు, నీ కాళ్లు పట్టుకుంటా. అక్కడే ఎక్కడన్నా పాతిపెట్టు. మర్చిపో.

కాలేషా వెళ్లిపోతున్నాడు.
అక్క

దక్షిణ గంగోత్రి,
24-2-1986.

అక్కకి, బావకి నమస్కారాలు.

రేపు ఓడ వెనక్కి పోతుంది, అందుకని ఇది రాస్తున్నాను. గోవాలో నీ రెండో ఉత్తరం అందలేదు, రాయనే లేదేమో. ఫరవాలేదు, అడుగున పెట్టిందేంటో పెట్టె విప్పాక నాకే తెలిసింది. ఎంత తెలివైనదానివే!

ఇక్కడ మా ఇల్లు సగం మంచులోనే ఉంటుంది. తలుపు తీయాలంటే ముందు పార కావాలి. వంట అందరం వంతులేసుకుని చేస్తాం, లీడరుగారైనా తప్పదు. ఆయన వంతు రోజున అన్నం మాడితే మేమంతా "చాలా బాగుంది సార్" అని తింటాం. నా వంతు రోజున మాత్రం పండగే. ఎందుకంటే నా దగ్గర సన్నికల్లు ఉంది! మంచు ఖండం మొత్తానికి సన్నికల్లు మన దగ్గరే ఉండి ఉంటుంది. పొత్రం పంపడం మరిచిపోయావు, పనికిరాని పిస్టన్ పిన్ను ఒకటి కడిగి దాంతో నూరుతున్నాను. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి కారం నూరితే బెంగాలీ డాక్టరుగారు కూడా పళ్లెం నాకారు.

మొన్న రష్యా స్టేషన్ నుంచి నలుగురు వచ్చారు. తనిఖీకేం కాదు, చుట్టపుచూపుగా వచ్చారు. అయినా మా లీడరుగారు తిప్పి అన్నీ చూపించారు. వాళ్లలో ఒకాయన కారం నోట్లో పెట్టుకుని, కళ్లనీళ్లు కారుస్తూ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. రాయిని కూడా తడిమి చూశాడు. దాని మీద ఒక పక్క ఎర్ర రంగుతో 'త్రి' అనీ, రెండో పక్క నీలం రంగుతో 'వెం' అనీ రాసుంది కదా, అదేంటని అడిగాడు. దుర్గిలో రాయి కొట్టినవాళ్ల పేర్లయి ఉంటాయని చెప్పాను. అంతే కదక్కా?

నూరీ నూరీ 'వెం' దాదాపు అరిగిపోయింది. 'త్రి' ఇంకా కాస్త కనపడుతోంది.

సూర్యుడు ఇక కొన్నాళ్లకి బొత్తిగా కనపడడు. జనరేటరుని కన్నబిడ్డలా చూసుకుంటున్నాను.

మీ
కేశవులు

రాళ్లగుంటపాలెం,
2-5-1986.

ఒరేయ్ దరిద్రుడా,

దుర్గిలో రాయి కొట్టినవాళ్ల పేర్లా? 'త్రి' అంటే మీ బావ త్రికోటేశ్వరరావురా! 'వెం' అంటే వెంకట్రామయ్య! మిలటరీలో నీకు బుర్ర తీసేసి పంపారా? అయినా నిన్నని ఏం లాభం, నా ఉత్తరం నీకు అందలేదని ఇప్పుడు తెలిసింది.

నీ ఉత్తరం మీ బావ ఎప్పటిలాగే టీకొట్టు ముందు చదివాడు. 'సన్నికల్లు' దగ్గర గర్వంగా చదివాడంట. 'త్రి' దగ్గర గొంతు సన్నబడింది. 'వెం' దగ్గర ఆగిపోయింది. అప్పుడు వెంకట్రామయ్య లేచి, "అన్నయ్యా, మళ్లీ చదువు" అన్నాడంట. ఆరేళ్ల తరవాత మొదటి 'అన్నయ్యా' అదే. మళ్లీ చదివాడు. చదివి ఇద్దరూ మా ఇంటి మీదికొచ్చారు, వెనకాల ఊరంతా వచ్చింది.

"ఏమే! హద్దురాయి మీద కారం నూరిస్తావా?" అని మీ బావ అరుపు. నేను తీశానని ఒప్పుకున్నాను. నేనొక్కదాన్నే తీశానన్నాను. మీ బావ చెయ్యెత్తాడు. ఇంతలో గోడ మీద నుంచి తల కనపడింది. ప్రమీల గోలెం మీదెక్కి నిలబడింది. "అదొక్కతే ఎట్టా మోస్తది బావగారూ? దాని నడుము సంగతి మీకు తెలవదా? రెండో చివర పట్టుకుంది నేను" అన్నది. మొగుడు చూస్తున్నాడు, ఊరు చూస్తున్నది, అయినా గట్టిగా చెప్పింది. కేశవా, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. గేదెతో చెప్పుకునే ఏడుపు కాదురా, నేరుగా దాని మొహం చూస్తూ ఏడ్చాను.

ఇద్దరి పెళ్లాలూ దొంగలే అయితే ఎవరు ఎవరి మీద కేసు పెట్టాలి? అప్పుడు నూర్ మొహమ్మద్ మావయ్య గొంతు సవరించుకున్నాడు. "రాయి ఏడ ఉంటే ఆడ చట్టమే గదరా దానికి. ఇప్పుడది ధ్రువంలో ఉంది. ధ్రువం చట్టం కేశవులు రాసే పంపాడు, మీరే నా కొట్టు ముందు చదివారు. రాయి తిరిగొచ్చేదాకా మీ మూడు చాళ్లకి అదే చట్టం" అన్నాడు. ఇది న్యాయమేనా అని ఎవరూ అడగలేదు. అంత న్యాయంగా వినపడింది.

స్టాంపు కాగితం తెచ్చి రాసుకున్నారు. ఎవరూ హక్కు వదులుకోరు. ఆ ముక్కకి మీ బావ మొహం వెలిగిపోయింది, "ఓడిపోకుండా ఊరుకోవచ్చని ఇన్నాళ్లూ ఎవడూ చెప్పలేదే" అన్నాడు. ఎవరూ హక్కు పెంచుకోరు. కర్రలు బయటికి రావు. మూడు చాళ్లలో పరిశోధన మాత్రమే చెయ్యాలి కాబట్టి ఒకరు పొద్దుతిరుగుడు, ఒకరు ఆవాలు వేసి, ఏది ఎట్లా పెరిగిందో ఒకరికొకరు చెప్పుకోవాలి. కోర్టు కేసు అట్లాగే ఉంటుంది, కాకపోతే వాయిదాకి ఇద్దరూ ఒకే బస్సులో పోతారు.

సంతకాలు పెట్టబోతుంటే తలుపు చాటు నుంచి నేను అందుకున్నాను. "తనిఖీ రాయలేదే? అమెరికా, రష్యానే ఒప్పుకున్నాయి, మీకేం?" అన్నాను. మొగోళ్లు ఒకరింట్లోకి ఒకరు పోవడానికి నామోషీ. అందుకని తనిఖీదార్లుగా నన్నూ ప్రమీలనీ వేశారు.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో. రాయి తిరిగొచ్చిన రోజున ఈ కాగితం చెల్లదు. గోడ మళ్లీ గోడే. కాబట్టి రాయి అక్కడే ఉండాలి. మిరపకాయలు నూరుకో, మొహం చూసుకో, నీ ఇష్టం.

ఇది నీకు ఎప్పుడందుతుందో ఏమో. ఒంట్లో జాగ్రత్త.
శేషారత్నం

రాళ్లగుంటపాలెం,
14-9-1986.

కేశవా,

ప్రమీల ఇంట్లో పొద్దున సోదా చేశాను. సాయంత్రం అది మా ఇంట్లో చేసింది. జాడీలన్నీ మూతలు తీయించింది, పరుపుల కింద కూడా చూసింది. మీ బావా, మరిదీ దగ్గరుండి చూశారు. కర్రలేం దొరకలేదు.

ఒక్కటే బాధ. "తనిఖీ అంటే చూసి రావాలి, ముచ్చట్లాడితే ఒప్పందం తప్పినట్టే" అని మొగోళ్లు గడప దగ్గర కాపలా కూర్చుంటారు. అందుకని తనిఖీ భాషలోనే మాట్లాడుకుంటాం. "ఈ జాడీలో ఏముంది?" అంటాను. "ఉసిరికాయ" అంటుంది. "ఎప్పుడు పెట్టావు?" "పెద్దోడికి జ్వరం వచ్చినప్పుడు." "జ్వరం ఎన్నాళ్లుంది?" "జాడీకి సంబంధం లేని ప్రశ్న" అని మరిది గడప మీద నుంచి అరుస్తాడు. ఇంట్లోకి పోయి కూడా కూర్చోమనడానికి లేదు, మంచినీళ్లు తాగడానికి లేదు. అయినా గేదె కంటే నయమే.

నీకు వెలుతురు వచ్చిందా?
అక్క

గోవా,
25-3-1987.

(అక్కకు మాత్రమే. వేరెవరూ విప్పకూడదు.)

అక్కా,

తిరిగొచ్చేశాను, నిన్ననే ఓడ దిగాను. వేళ్లూ ముక్కూ అన్నీ ఉన్నాయి.

నీ ఉత్తరాలన్నీ కొత్త ఓడలో ఒకే కట్టగా వచ్చాయి. పైనున్నది ముందు విప్పాను. అందులో "సోదా", "పరుపుల కింద కూడా చూసింది", "కర్రలేం దొరకలేదు" అన్న ముక్కలే నా కంటపడ్డాయి. ఊళ్లోకి పోలీసులొచ్చారనీ, బావని పట్టుకుపోయారనీ అనుకుని రెండు రోజులు అన్నం తినలేదు. "జనరేటరు కంటే వీడి చప్పుడే ఎక్కువ" అని డాక్టరుగారు నిద్రమాత్ర ఇచ్చారు. మూడో రోజున మిగతావి విప్పాను. అప్పుడు నవ్వొచ్చింది, ఆ తరవాత భయమేసింది.

భయం ఎందుకంటే, కొత్త జట్టుతో రాళ్లు పరిశోధించే సైంటిస్టుగారు ఒకాయన వచ్చారు. మేముండే చోట అడుగునంతా మంచే, రాయన్నది ఉండదు. వంటింటి తలుపు బయట మంచులో మన రాయి సగం కూరుకుని ఆయన కంటబడింది. మంచు మీద రాయి కనపడితే అది ఆకాశం నుంచి పడిందే అయి ఉండాలంట. చేతి తొడుగులు వేసుకుని, దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఢిల్లీకి వైర్‌లెస్ కొట్టబోతుంటే నేను పరిగెత్తాను. "సార్, అది మా అక్కది సార్" అన్నాను. ఆయన నమ్మలేదు. కారం వాసన చూడమన్నాను. చూశారు. ఆ తరవాత నాతో వారం రోజులు మాట్లాడలేదు.

విషయం లీడరుగారిదాకా పోయింది. "బయటి రాళ్లు తెచ్చి ఇక్కడ పడేసి పోతే రేపొచ్చేవాళ్లు అందరూ ఇట్లాగే మోసపోతారు, ఈ చోటుని ఉన్నదున్నట్టు ఉంచుతామని మాటిచ్చాం, నువ్వు తెచ్చింది నువ్వే పట్టుకుపో" అన్నారు. నీ సంగతంతా చెప్పి బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు.

కాబట్టి రాయి నాతోపాటు వచ్చేసింది. ఇప్పుడు నా మంచం కింద ఉంది. 'త్రి' కూడా పోయింది, బోడి రాయి. అయినా రాయి రాయే, వచ్చింది వచ్చిందే. బావకి తెలిస్తే మీ కాగితం చెల్లదు. పోయిన ఏడాది నోరు జారి ఒకసారి నీ కొంప ముంచాను, మళ్లీ నా వల్ల నీకూ ప్రమీలక్కకీ మధ్య గోడ లేస్తే నేను ఆ ఊళ్లో అడుగుపెట్టలేను. ఏం చెయ్యమంటావో రహస్యంగా రాయ్. దీన్ని కాలేషా నీ చేతికే ఇవ్వాలని పైన రాశాను.

నీ
కేశవులు

రాళ్లగుంటపాలెం,
4-4-1987.

కేశవా,

కవరు మీద "అక్కకు మాత్రమే" అని రాసింది కాలేషా చూడలేదు. అలవాటు చొప్పున మీ బావ చేతిలో పెట్టాడు. మీ బావ మాత్రం చూశాడు. "అక్కకు మాత్రమే, వేరెవరూ విప్పకూడదు" అని టీకొట్టు ముందు గట్టిగా చదివి, విప్పి, చదవడం మొదలుపెట్టాడు.

కూరగాయలకని పోయి నేనూ అక్కడే ఉన్నాను. ప్రమీల కూడా ఉంది, నాకు దూరంగా నిలబడింది. పోలీసుల ముక్కకి అందరూ పడీపడీ నవ్వారు. సైంటిస్టుగారి ముక్కకి నూర్ మొహమ్మద్ మావయ్య పాలు పొంగించుకున్నాడు. లీడరుగారు పట్టుకుపొమ్మన్నారని వచ్చేసరికి చేతిలో సంచి కింద పెట్టేశాను. ప్రమీల వైపు చూశాను. అది కళ్లు మూసుకుంది.

"కాబట్టి రాయి..." అని చదివాడు మీ బావ. ఆగాడు.

ఆ మనిషి ఉత్తరం మధ్యలో తనంతట తాను ఆగడం నేనెన్నడూ చూడలేదు. వెనకాల వెంకట్రామయ్య నిలబడి ఆయన భుజం మీదుగా కాగితంలోకి చూస్తున్నాడు. చదువుకున్నవాడే కదా, ఆ ముక్క వాడి కళ్లూ చూశాయి. మీ బావ తలతిప్పి వాడి మొహం చూశాడు. వాడు మీ బావ మొహం చూశాడు. ఇద్దరిలో ఎవరు "రాయి వద్దు" అన్నా హక్కు వదులుకున్నట్టే కదా. "కావాలి" అంటే మళ్లీ కర్రలే.

"కాబట్టి రాయి అక్కడే ఉంది" అని చదివాడు మీ బావ. "ఎవురూ కదిలించలేదంట. క్షేమంగా ఉంది."

"మళ్లీ చదువు" అన్నాడు వెంకట్రామయ్య. మళ్లీ అట్లాగే చదివాడు. "అన్నయ్య చదివిందే రాసుంది. నేనూ చూశా" అన్నాడు వాడు, అడగని వాళ్లక్కూడా. ఆ తరవాత ఉత్తరంలో ఇంకేమీ లేదని మడిచి జేబులో పెట్టుకున్నాడు మీ బావ. ఇద్దరూ టీ తాగారు.

ఇంటికొచ్చాక ఆ ఉత్తరం నా చేతిలో పెట్టి, "సగమే అగుపడింది, కళ్లద్దాలు మార్చాలే" అన్నాడు. అని పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "ఆ ప్రమీలని రేపు అన్నానికి రమ్మను" అన్నాడు. తనిఖీకా అన్నాను. "అన్నానికి అంటే తనిఖీ అంటావేందే? నీకు చెవుడా?" అని కసిరాడు.

మంచం కింద ఉన్నదాన్ని గోవాలోనే ఎవరికన్నా ఇచ్చేయ్. పచ్చడి నూరుకుంటారు. నువ్వు మాత్రం ఖాళీ చేతులతో, మంచి మొహంతో రా.

ప్రమీల ఇవాళ వచ్చింది. మొగోళ్లు గడప దగ్గర కూర్చోలేదు, చేలోకి పోయారు. పీట వేసి కూర్చోబెట్టాను. చేతులాడక అన్నీ ఒకేసారి వడ్డించాను. అది పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమే రత్నం, ఏడేళ్లలో నీ చెయ్యి చెడిపోయిందే. ఇది పప్పేనా?" అన్నది. నాకు రోషమొచ్చింది. "చెప్పేదానివి నువ్వు పక్కన లేకపోతే చెడిపోయిందని నాకెట్టా తెలుస్తది?" అన్నాను. అనుకుని అనలేదురా, వచ్చేసింది.

అప్పుడది ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచి, పొయ్యి దగ్గరికి పోయి, ఎవరినీ అడక్కుండా ఉప్పు వేసింది, ఎండుమిరపకాయ తుంచి మళ్లీ పోపు పెట్టింది. నా కంచంలో ఇంత వడ్డించి, "ఇప్పుడు తిను" అంది.

తిన్నాను. బాగుంది. బాగుందని మాత్రం దానితో చెప్పలేదు, రేపు మళ్లీ వచ్చి తిట్టాలి కదా.

నీ అక్క
రత్నం